పొద్దుకప్పు కింద వకుళ

నాలుగేళ్లుగా నాలో ఒక సందేహం ఉంది. పొద్దున్నే స్నానం చేసి, డాబా మీద తూర్పు ముఖంగా నిలబడి, దోసిట్లో నీళ్లు పట్టుకున్నప్పుడల్లా అది వస్తుంది. లోకానికంతటికీ మేలు చేసే సూర్యుడు ఒక్క మనిషికి కీడు చేస్తాడా? చేస్తే, ఆ దోషం ఆయనదా, ఆ మనిషిని తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టినవాడిదా? ఆలోచిస్తూ ఉండగానే నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతాయి. మళ్లీ చెంబులోంచి పోసుకుని అర్ఘ్యం పూర్తిచేసి, కిందికి దిగి కొట్టు తెరుస్తాను.

మాది ఆమదాలవలస. స్టేషన్ రోడ్డులో పూజా సామాన్ల కొట్టు. కర్పూరం, ఒత్తులు, కుంకుమ, ఉగాదికి ముందు పంచాంగాలు. నేను చదివింది పదో తరగతి. సైన్సు మాటలు నా నోట సరిగా పలకవు. నాకు అర్థమైనట్టే చెబుతాను.

నా భార్య వకుళది జబ్బని మాకు చాలాకాలం తెలియలేదు. నెలలో పది రోజులు అందరిలాగే ఉండేది. తర్వాత నిద్ర పట్టేది కాదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. మాట వేగం పెరిగేది. కొట్లోకి వచ్చి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అగరొత్తులు పంచిపెట్టేది. ఆ తర్వాత చీకటి రోజులు. గోడవైపు తిరిగి పడుకునేది. మా అమ్మాయి సుభాషిణి అన్నం కలిపి నోటి దగ్గర పెట్టినా తెరిచేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం రైలు పట్టాల మీద కూర్చుని ఉంటే, గేటు మనిషి గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు నుంచీ రైలు కూత వినబడితే నా చేతిలో తక్కెడ ఆగిపోయేది.

విశాఖపట్నం దాటాక, సముద్రానికి ఎగువన కొండ మీద ఒక మానసిక వైద్యశాల ఉంది. అక్కడ డాక్టర్ హైమవతి గారు వకుళని ముందు ఒక గదిలో ఉంచారు. కిటికీ లేదు, గడియారం లేదు. దీపం ఎప్పుడు ఆర్పాలో, ఎప్పుడు వెలిగించాలో వకుళ ఇష్టం. నిద్ర లేచినప్పుడల్లా గోడ మీద ఒక గీత గీయమన్నారు. ముప్పై రోజుల తర్వాత నన్ను పిలిచి ఆ గోడ చూపించారు.

"లెక్కపెట్టండి సన్యాసిరావుగారూ."

లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది ఉన్నాయి.

"ఒకరోజు గీయడం మరిచిపోయి ఉంటాదండి."

"మరిచిపోలేదు. ఆవిడ శరీరానికి రోజంటే ఇరవైనాలుగు గంటల యాభై నిమిషాలు. మనకీ కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పొద్దుటి వెలుగు కంట్లో పడి దాన్ని రోజూ సరిచేస్తుంది. ఈవిడకి ఆ దిద్దుబాటు సరిపడా అందడం లేదు. లోకం ఈవిడని రోజూ యాభై నిమిషాలు ముందుగా లాక్కెళ్తోంది. కొన్నాళ్లు కలుస్తుంది, కొన్నాళ్లు తప్పిపోతుంది."

నెలలో పది రోజులు బాగుండడం ఎందుకో నాకప్పుడు తెలిసింది.

పక్కనే ఉన్న ఆయా మార్తమ్మ దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పింది. వాళ్ల నాన్నది భీమిలి దగ్గర చేపల వేట. "సముద్రం పోటు రోజుకి ముప్పావుగంట ఆలీసంగా వస్తాది బాబూ. మా అయ్య దాని బట్టే పడవ దించేవోడు. మీ ఆవిడికి పిచ్చేటి కాదు. ఆవిడిది పోటు లెక్క, మనది పొద్దు లెక్క, అంతే."

ఆ ఆసుపత్రిలో ఆరు గదులకి కొత్తరకం పైకప్పు వేశారు. కాగితాల్లో దానికేదో పెద్ద పేరుంది. అక్కడ పనిచేసేవాళ్లు మాత్రం పొద్దుకప్పు అంటారు. ఒక్క దీపమూ కనిపించదు. కప్పంతా ఆకాశంలా ఉంటుంది. ఒక అంచు నుంచి ఎరుపు పాకుతుంది, క్రమంగా తెలుపవుతుంది, మధ్యాహ్నానికి కొంచెం నీలం కలుస్తుంది, సాయంత్రానికి ఆముదం దీపం రంగుకి దిగుతుంది. రోగి ముంజేతికి ఒక పట్టీ ఉంటుంది. ఒంటి వేడి, నాడి, ఊపిరి చూసి అది కప్పుకి చెబుతుంది. శరీరం కోరినప్పుడు అక్కడ తెల్లవారుతుంది. శరీరం అలిసినప్పుడు పొద్దు వాలుతుంది.

మొదట నాకు నవ్వొచ్చింది. మనిషి చెప్పినట్టు వినే సూర్యుడేమిటి అనుకున్నాను. కానీ ఆ కప్పు కిందకి వెళ్లిన ఆరో వారంలో వకుళ నన్ను చూసి, "చొక్కా గుండీ ఊడిపోనాది, అమ్మాయికి చెప్పి కుట్టించుకోండి" అంది. నెలల తరబడి వినని మామూలు మాట అది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ గదికి వెళ్లడానికి పద్ధతులున్నాయి. రెండు తలుపుల మధ్య చిన్న గదిలో గడియారం, ఫోను తీసి పెట్టాలి. లోపల ఇవాళ ఫలానా వారమని అనకూడదు. తలుపు మీద పలక ఉంటుంది, లోపల ఎంతయిందో దాని మీద చూసుకోవాలి. నేను మధ్యాహ్నం భోజనం చేసి వెళితే లోపల పొద్దున్న ఏడయ్యేది.

"తిన్నారేటండీ?" అని అడిగేది.

"సాంబారన్నం తినీసి వచ్చాను."

"పొద్దున్నే సాంబారన్నమేటండీ! నేను లేకపోతే మీ ఇద్దరికీ ఏళాపాళా లేకుండాపోయింది" అని నవ్వేది.

నేనూ నవ్వేవాణ్ణి. మార్తమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది.

హైమవతి గారి ఆలోచన అక్కడితో ఆగలేదు. వకుళ నిలదొక్కుకున్నాక కప్పు కింద రోజు నిడివిని వారానికి అర నిమిషం చొప్పున కుదిస్తూ వచ్చారు. యాభై నిమిషాల్లో తొమ్మిది నెలలకి పద్దెనిమిది తగ్గాయి. మిగతా ముప్పై రెండూ తగ్గితే వకుళ ఇంటికొస్తుంది. సుభాషిణి వంటింటి గోడ మీద పెన్సిలుతో ఆ నిమిషాలు కొట్టేస్తూ ఉండేది.

అప్పుడొచ్చింది రథసప్తమి.

మా ఇంట్లో అది అన్నిటికంటే పెద్ద పండుగ. ఆ రోజు సూర్యోదయాన తల మీద, భుజాల మీద జిల్లేడాకులూ రేగుపళ్లూ పెట్టుకుని స్నానం చేస్తే ఏడు జన్మల రోగం పోతుందని మా అమ్మ చెప్పేది. నాకు అనుమానం లేదు, నమ్మకమే ఉంది. అదే నన్ను తప్పుదారి పట్టించింది. మనిషి చేసిన సూర్యుడే పద్దెనిమిది నిమిషాలు తగ్గించగలిగితే, అసలు సూర్యుడు, అందులోనూ తన రథం మళ్లించే రోజున, మిగతావి తగ్గించడా అనుకున్నాను. డాక్టరుగారిని అడిగితే కాదంటారని తెలుసు. అందుకే అడగలేదు.

సంచిలో ఏడు జిల్లేడాకులు పెట్టుకుని తెల్లవారకముందే కొండెక్కాను. మార్తమ్మ డ్యూటీలో ఉంది.

"ఐదు నిమిషాలమ్మా. ఏడాదై సూర్యుణ్ణి చూడలేదు. వెనక తలుపు దాటితే చాలు, ఎదురుగా సముద్రమే కదా."

"లోపలిప్పుడు పొద్దుగుంకే ఏళ బాబూ. నిద్దరకి సిద్ధమవతంది. వద్దంటే వినవేటి?"

"నీ పిల్లకి బాగులేకపోతే నువ్వు చర్చికి తీసుకెళ్లవా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ లోపలికి వెళ్లి, స్నానానికని పట్టీ విప్పి మంచం మీద పెట్టి, వకుళ చెయ్యి పట్టుకుని మాసిన బట్టలు తీసుకెళ్లే వెనక తలుపు లోంచి తీసుకొచ్చింది.

అక్కడి కుళాయి దగ్గర ఆకులు పెట్టి నీళ్లు పోశాను. వకుళ కళ్లు చిట్లించుకుని తూర్పుకి తిరిగింది. సముద్రం మీద ఎర్రగా పైకి వస్తున్నాడు.

"అయ్యబాబోయ్" అంది. "ఇంత వెచ్చగా ఉంటాడని మరిచిపోయానండీ."

చేతులు జోడించింది. కళ్ల వెంట నీళ్లు. ఐదు నిమిషాలు దాటాయి. లోపలికి రమ్మంటే రాలేదు. మార్తమ్మ బతిమాలింది. నేను బతిమాలలేదు. ఆ ముఖం చూస్తూ నిలబడిపోయాను. మొత్తం నలభై నిమిషాలు.

మార్తమ్మ పుస్తకంలో 'తలస్నానం' అని రాసింది.

మూడో రోజు నుంచి వకుళకి నిద్ర పట్టడం మానేసింది. పొద్దుకప్పు ఆవిడ శరీరాన్ని వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ జరిగింది. పొద్దు వాల్చి చూసింది, మళ్లీ తెల్లవార్చి చూసింది. లోపల ఆకాశం చిందరవందరైంది. వారం తిరక్కుండా వకుళ పరుపు చింపి దూది గదంతా పరిచింది. తర్వాత గోడవైపు తిరిగింది. మళ్లీ నా పేరు పలకడానికి ఐదు నెలలు పట్టింది. తగ్గిన పద్దెనిమిది నిమిషాలూ తిరిగొచ్చి యాభై దగ్గర నిలబడ్డాయి. ఆ తర్వాత డాక్టరుగారు ఎంత ప్రయత్నించినా ఒక్క నిమిషమూ కదల్లేదు. సుభాషిణి వంటింటి గోడ మీద పెన్సిలు గీతల్ని తడిగుడ్డతో తుడిచేసింది.

విచారణ జరిగింది. పట్టీ నలభై నిమిషాలు చేతికి లేదు కాబట్టి కప్పు గుడ్డిదైందని, అందుకే అంతా చెదిరిందని రాశారు. పట్టీ అంతసేపు తీసి ఉంచినందుకు మార్తమ్మని వార్డు నుంచి తీసి, బట్టలుతికే షెడ్డుకి వేశారు. ఆవిడ నా పేరు చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు. అడగనప్పుడు చెప్పకపోవడం అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి కొండెక్కినప్పుడల్లా షెడ్డు వైపు కాకుండా అవతలి మెట్ల మీదుగా వెళ్లేవాణ్ణి.

నాలుగేళ్లు గడిచాయి. యాభై నిమిషాల పోటు లెక్కలో వకుళ మళ్లీ మామూలు మనిషైంది. అక్కడి తోటివాళ్లకి పూలదండలు కట్టడం నేర్పుతుంది. కానీ ఆవిడ రోజులు మా రోజుల కంటే తక్కువ. ఏడాదికి పన్నెండు వెనకబడతాయి. నాకు తెలిసిన లెక్క ప్రకారం ఇప్పటికి రెండు నెలలకి దగ్గర. సుభాషిణికి ఇరవై ఒకటి నిండిన రోజున వెళ్తే, "వచ్చే నెల దాని పుట్టినరోజుకి పరవాన్నం చేయండి" అంది. ఈ రోజేనని చెప్పకూడదు. అలాగేనన్నాను.

మొన్న మాఘంలో ఉత్తరం వచ్చింది. పొద్దుకప్పు ఉంచాలా తీసేయాలా తేల్చడానికి పెద్దలు ముగ్గురు వస్తున్నారు. తీసేస్తే రోగుల్ని మందులిచ్చి ఇళ్లకి పంపుతారు. ఇంటివాళ్ల అభిప్రాయం కూడా అడుగుతారు.

సుభాషిణి ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. "తీసీమను నాన్నా. అమ్మ ఎలగున్నా పర్లేదు. నేను చూసుకుంటాను. రైలు గేటు వైపు తలుపుకి తాళం వేసీసి ఉంచుదాం."

"నువ్వు చూసుకోలేవమ్మా."

"నువ్వు చూసుకున్నావు కదా! నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచీ నేనూ చూసుకున్నాను. వారానికో గంట అమ్మేటి నాన్నా? ఎవరింట్లో అయినా ఉన్నాదా ఇలాంటి అమ్మ?"

నిజానికి నాకూ అదే కావాలి. వంటింట్లో ఆవిడ గాజుల చప్పుడు కావాలి. కప్పు తీసేయడానికి నేను చేయాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు.

పెద్దలు వచ్చే రోజున ముందుగా వకుళ దగ్గరికి వెళ్లాను. లోపల మధ్యాహ్నం నీలం వెలుగు. ఆవిడ అప్పటికే విని ఉంది.

"ఇంటికొస్తావా వకుళా?" అని అడిగాను.

దండ కడుతున్న దారం ఆపింది. "ఇక్కడ నిద్ర పడతాదండి."

"అక్కడ నేనుంటాను. అమ్మాయి ఉంటాది."

"ఉంటారు. మీకూ వకుళ ఉంటాది. నాకే ఉండదు." పైకి చూసి, గొంతు తగ్గించి అంది. "ఆ రోజు ఎండ బాగున్నాదండి. నాకు గుర్తే. ఎవలికీ చెప్పలేదు. మిమ్మల్ని ఏటైనా అంటారని."

ఆవిడకి గుర్తుందని నాకు తెలియదు. నా గుట్టు దాచడానికి ఇద్దరు ఆడవాళ్లు నాలుగేళ్లు నోరు మూసుకున్నారు.

పెద్దలు డాక్టరుగారి గదిలో కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన ఫైలు తిరగేసి చదివారు. "నాలుగో గది. పట్టీ నలభై నిమిషాలు లేదు, వారంలో రోగి స్థితి తలకిందులైంది. స్నానానికి పట్టీ తీస్తేనే ఇంత పని చేసిన యంత్రం కింద మనుషుల్ని ఎలా ఉంచడం డాక్టరుగారూ? మిగతావన్నీ బాగున్నాయి. నాకు ఈ ఒక్కటే అడ్డం."

హైమవతి గారు తలవంచుకున్నారు. జవాబు నా దగ్గర ఉంది.

"మీరేమంటారండీ? ఇంటికి పంపితే మీకు సమ్మతమేనా?" అని పెద్దాయన నన్నడిగారు.

సమ్మతమే అనే మాట నోటిదాకా వచ్చింది. కళ్లు మూసుకున్నాను. రైలు పట్టాల మీద కూర్చున్న వకుళ కనిపించింది.

"పట్టీ వల్ల కాదండి" అన్నాను. "ఆ రోజు రథసప్తమి. వెనక తలుపు తీయించి నేను ఆవిడకి సూర్యుణ్ణి చూపించాను. ఆవిడకది నిద్రపోయే వేళ, నలభై నిమిషాలూ ఎండలోనే ఉంది. యంత్రానిది తప్పు లేదు. మార్తమ్మది లేదు. ఆవిడ వద్దంది, నేనే వినలేదు."

హైమవతి గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నాలుగేళ్లు" అన్నారు. "ఆ నలభై నిమిషాల్లో యంత్రం చేసిన తప్పేమిటో నేను నాలుగేళ్లు వెతికానండీ. ఆ పట్టీని మూడుసార్లు మొదటినుంచి తయారుచేయించాను. రెండేళ్ల కిందటే ఇంకో ఇరవై గదులకి కప్పు వేయాల్సింది. అది చూసే ఆపేశారు."

ఇరవై గదులు. అందులో ఉండాల్సినవాళ్లు ఈ రెండేళ్లూ ఎక్కడున్నారు, ఎవరు తాళాలు వేసి ఉంచారు, ఏ పట్టాల మీద ఎవరైనా... నేను అడగలేదు. చేతులు జోడించాను. ఆవిడ చూడలేదు.

సాయంత్రానికి నిర్ణయం చెప్పారు. పొద్దుకప్పు ఉంటుంది. అయితే బయటి వెలుగు వకుళకి ఎంత హాని చేస్తుందో నా మాటతో తేలింది కనుక, ఇక ఏ కారణం మీదా ఆవిడని బయటికి తీసుకురాకూడదు. వెనక తలుపుకి ఇటుకలు కట్టేస్తారు. సంతకం పెట్టమంటే పెట్టాను.

సుభాషిణికి ఫోను చేసి చెప్పాను. రథసప్తమి సంగతి కూడా చెప్పాను, దానికీ తెలియదు.

"అయితే అమ్మ రాదు" అంది.

"రాదమ్మా."

"అన్నం వండనా, అక్కడే తినీసి వస్తావా?"

"వండమ్మా."

అప్పుడు షెడ్డు వైపు మెట్లు దిగాను. నాలుగేళ్లలో అదే మొదటిసారి. తీగల మీద తెల్ల దుప్పట్లు ఆరుతున్నాయి. మార్తమ్మ ఒంగిపోయింది. వేళ్లు సోడా నీళ్లకి తోలు ఊడి తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"చెప్పీశానమ్మా" అన్నాను. డాక్టరుగారు సంతకం చేసిన కాగితం ఇచ్చాను. అందులో ఆవిడ తప్పు లేదని ఉంది, వార్డుకి తిరిగి తీసుకుంటున్నట్టు ఉంది.

కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. "మూడు నెల్లలో రిటైరు. ఇప్పుడెందుకు బాబూ వార్డు?" అని మడిచి రొంటిన దోపుకుంది. "తలస్నానం అని రాసినాను. అదేటి అబద్దం కాదు. ఆకులెట్టి మరీ చేయించినావు కదా."

నాకు నవ్వు రాలేదు. "మూడు నెలలైనా వెళ్లమ్మా. వకుళ దగ్గర నీలాంటి మనిషి ఉంటే..."

"ఎల్తాను. నువ్వు అడగాలేటి? మీ ఆవిడ కట్టిన దండ ఆదోరం ఆదోరం నాకు పంపతాది, తెలుసా? అదైనా ఎదురుగా తీసుకుంటాను."

తెలియదు. ఆవిడ తీగ మీది దుప్పటి ఒకటి తీసి రెండు కొసలు నా వైపు చాచింది. "ఊరికే నిలబడతావేటి, ఆ కొసలట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం దులిపి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచి కలుసుకున్నాం. ఆవిడ నా చేతుల్లోంచి కొసలు తీసుకుంది.

"ఇక నీకూ నాకూ చెల్లు బాబూ" అంది. "రైలుకి టైమవతంది, ఎల్లు."